కొంగపిల్లకు తెలిసిన గొంతు

ముసుగు కళ్ళ మీదికి జారింది. పైకి తోసుకుంది. తోసుకోగానే ముక్కు దురద మొదలైంది. గోక్కోవాలంటే మళ్ళీ ముసుగెత్తాలి, ఎత్తితే గుడ్డ బరబరమంటుంది, బరబరమంటే అవతల కంచెలో ఉన్న కొంగపిల్ల మెడ ఇటు తిప్పుతుంది. అందుకని ఆయమ్మ దురదను అట్లాగే ఉంచుకుని కూర్చుంది. రెల్లుతో కట్టిన గుడిసె, లోపల ఒక పీట, ఎదురుగా చెయ్యి పట్టేంత కంత. కంతలోంచి చూస్తే మడుగు, మడుగు మీద పొగమంచు, ఆ మంచులో ఎక్కడో అవతలి గట్టున కొంగల మంద గొణుగుడు. నిలబడితే మనిషి రొమ్ము దాకా వచ్చే బూడిదరంగు కొంగలు. ఎండ వచ్చి అవతలి రెల్లు కొసలు మెరవగానే కంచె తలుపు తీస్తారు. తలుపు తీశాక పిల్ల బయటికి వస్తుంది. వచ్చాక దానికి మనిషి గొంతు వినిపిస్తారు. విని పారిపోతే అది కొంగ, దాని దారిన అది మందలోకి పోతుంది. విని దగ్గరికొస్తే ఇక కొంగ కింద లెక్క లేదు, బతికినన్నాళ్ళూ తీగెల దొడ్డిలో ఉండాల్సిందే. ఇంతే పరీక్ష. ఈ సంగతి పక్షుల కేంద్రంలో పనిచేసే వాళ్ళందరికీ తెలుసు. ఆ పిల్ల ఏ గొంతుకు పారిపోతుందో, ఏ గొంతుకు పారిపోదో మాత్రం ఆయమ్మ ఒక్కదానికే తెలుసు.

నోరు మూసుకుని కూర్చోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య కాదు. ఇరవై ఏళ్ళు పరాయి పిల్లలకు అన్నం తినిపించిన మనిషి. తినిపించడమంటే చేతిపని అనుకుంటారు గానీ అది నోటిపని. ముద్ద చేతిలో ఉంటే చాలదు. ఇది నాన్న ముద్ద అనాలి, ఇది తాత ముద్ద అనాలి, అదిగో కాకి ఎత్తుకుపోతోంది అనాలి, ఆ అనడంలోనే పిల్ల నోరు తెరుస్తుంది, తెరిచినప్పుడు పెట్టేయాలి. ఈ దేశానికి వచ్చింది కూడా అట్లాగే, కవలపిల్లలున్న ఒక కుటుంబం వెంట. కవలలు తమ చేత్తో తాము తినడం నేర్చుకున్నాక ఆయమ్మతో పని లేకపోయింది. తిరుగు టికెట్టు కొనిస్తామన్నారు, మంచివాళ్ళే. అప్పటికే ఆదివారాలు ఈ కేంద్రానికి వచ్చి చిరిగిన ముసుగులు కుట్టిపెట్టడం అలవాటైంది. కేంద్రం నడిపే పెద్దావిడ, తాటిపట్టెలాంటి మనిషి, నవ్వితే అది నవ్వని ఎవరైనా చెబితే గానీ తెలియదు, ఆవిడ ఒకరోజు సూది అందిస్తూ ఇక్కడే ఉండిపోరాదా అంది. జీతం లేదు. ఒక గది, మూడు పూటలా తిండి, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు. ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయావని ఎవరైనా అడిగితే బూట్లు బాగున్నాయి అనేది.

మొన్న సెలవుకు ఇంటికెళ్తే మరదలు కూడా ఇదే అడిగింది. అడగడం కాదు, కూరగాయలు తరుగుతూ పక్కింటావిడకు వినబడేట్టు చదివింది. "పిల్లలకు ఆయాగా ఉంటే జీతమిచ్చారు. పిట్టలకు ఆయాగా ఉంటే బూట్లిచ్చారు. ఇంకో మెట్టు దిగి చేపలకు ఆయాగా చేరితే ఏమిస్తారు వదినా?" ఈత నేర్పిస్తారులే అంది ఆయమ్మ. పక్కింటావిడ నవ్వింది, మరదలు కూడా నవ్వింది, కత్తి మాత్రం ఆగలేదు. మరదలు చెడ్డది కాదు. ముందుగదిలో తమ్ముడి పంక్చర్ల దుకాణం, వెనకగదిలో కాపురం, మధ్యలో రబ్బరు వాసన. ఆ వాసనలో నెలరోజుల పాటు వదినకు మంచం ఇచ్చి తను కింద పడుకున్న మనిషి. పడుకుని, చీకట్లో, ఇక్కడే ఉండిపో వదినా, దుకాణం పక్కన కుట్టుమిషను వేసుకుందువు గాని, అని కూడా అంది. అన్నది నిజంగానే. ఆయమ్మ నిద్రపోయినట్టు ఊపిరి తీసింది. అట్లా ఊపిరి తీయడం కూడా ఒక విద్యే, కవలలు నిద్ర నటించేటప్పుడు వాళ్ళ దగ్గర నేర్చుకున్నది.

కంచెలో రెక్క దులిపిన చప్పుడు. ఆయమ్మ కంతకు కన్ను ఆనించింది. మంచులో బూడిదరంగు మీద బూడిదరంగు, ఏదో కదిలి ఆగింది. పొద్దున తిండి పెట్టలేదు దానికి, పరీక్ష రోజు కడుపు ఖాళీగా ఉండాలట. ఆకలితో ఉన్నప్పుడే ఎవరి వైపు పోతుందో నిజం తెలుస్తుందట. ఆకలితో పంపడమేమిటి ఎవరినైనా. తను బయల్దేరిన రోజు మరదలు వద్దన్నా వినకుండా పెట్టింది, ఇక చాలు అంటే ఇదొక్కటి అంది, ఆ ఇదొక్కటి తర్వాత ఇంకొకటి పెట్టింది. మేనకోడలు పక్కన కూర్చుని ముద్దలు లెక్కపెట్టింది, లెక్క నాలుగు దాకానే వచ్చు కాబట్టి నాలుగు తర్వాత మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

ఆ పిల్లకు నాలుగేళ్ళు. పుట్టినప్పటి నుంచి అత్తను ఫోనులోనే చూసింది. ఫోనులో అత్త అంటే ప్రాణం. రోజూ ఆ ముద్దూ ఈ ముద్దూ, పాటలూ, తగాదాలూ. తీరా అత్త సంచులతో గుమ్మంలో నిలబడితే పిల్ల వాళ్ళ నాన్న కాళ్ళ చాటుకు పోయింది. ట్యూబు ముంచే నీళ్ళ తొట్టి వెనక కూర్చుని బుడగలు చూస్తున్నట్టు చూసింది గానీ ఇటు చూడలేదు. ఆయమ్మ చొరవ చేయలేదు, పిల్లల సంగతి తెలిసిన మనిషి కాబట్టి. బట్టలు మార్చుకోవడానికి లోపలికి పోయి, తలుపు చాటు నుంచి, ఊరికే, నోటికొచ్చినట్టు, ఏం చేస్తున్నావే బంగారం అంది. పిల్ల ఎగిరి లేచింది. లేచి తలుపు దగ్గరికి రాలేదు, పరిగెత్తి గూట్లో ఉన్న ఫోను దగ్గరికి పోయింది. ఫోను తీసి చూసింది. నల్లగా ఉంది. అటు తిప్పి ఇటు తిప్పి, అత్తా అత్తా అని దాన్ని పిలిచింది. తమ్ముడు పగలబడి నవ్వాడు, వచ్చినవాడికీ పోయినవాడికీ వారం పాటు చెప్పుకున్నాడు. ఆయమ్మ కూడా నవ్వింది. తలుపు చాటున ఒక చెయ్యి జాకెట్టులో, ఒక చెయ్యి బయట, అట్లాగే నిలబడి నవ్వింది.

తర్వాత మచ్చిక కాలేదని కాదు. నెలలో పక్కలో పడుకునేదాకా వచ్చింది. కానీ ఏదన్నా రహస్యం చెప్పాలంటే ఫోను తీసుకుని గది మూలకు పోయేది. బయల్దేరిన రోజు అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే ఆ పిల్ల ఒక్కటే సంబరంగా ఉంది. ఆటో ఎక్కుతుంటే కొంగు పట్టి లాగింది. "నువ్వు తొందరగా వెళ్ళిపో అత్తా. వెళ్ళి ఫోన్లోకి రా." అట్లాగే అమ్మా వస్తాను అంది ఆయమ్మ. ఆటో మలుపు తిరిగేదాకా ఆ మాటలో తప్పెక్కడుందా అని వెతికింది. తప్పేం కనబడలేదు.

గొంతు ఒకచోట, మనిషి ఒకచోట. ఈ కొంగపిల్లకూ అంతే కదా అని అప్పుడు తోచలేదు, విమానంలో కూడా తోచలేదు, ఇప్పుడు ఈ పీట మీద కూర్చుంటే తోస్తోంది. దీనికి తన ముఖం తెలియదు. అంగీ అందరిదీ ఒకటే, ముఖానికి వల, చేతికి కొంగతల తొడుగు, ఆ తొడుగు ముక్కుతోనే పురుగు అందించాలి. పని నేర్పిన మొదటిరోజే పెద్దావిడ చెప్పింది, తల్లిలేని పిల్ల ఎవరు తిండి పెడితే వాళ్ళే తన జాతి అనుకుంటుంది, మనిషి రూపు కనబడకూడదు, మనిషి గొంతు వినబడకూడదు, దగ్గొస్తే బయటికి పోయి దగ్గాలి, తుమ్మొస్తే మింగాలి. ఆయమ్మ అన్నిటికీ తల ఊపింది. ముసుగులు కుట్టింది తనే కాబట్టి ముసుగు సంగతిలో ఏ లోటూ రాలేదు. వచ్చిందంతా నోటితోనే.

కోతయంత్రం కింద నలగబోయిన గూటిలోంచి తెచ్చిన గుడ్డు. మిగతా పిల్లలు పుట్టి నిలబడ్డాక చాలా ఆలస్యంగా పుట్టింది. తడిసిన దూదిలా ఉండేది. పురుగు చూపిస్తే చూసేది, ముక్కు తెరిచేది కాదు. పెద్దావిడ వచ్చి చూసి, తల అడ్డంగా ఊపి, వేడిదీపం ఇంకొంచెం దగ్గరికి జరిపి పోయింది. ఆ ఊపడం ఆయమ్మకు తెలుసు, డాక్టర్లు ఊపుతారు. ఆ పూట తన వంతు. కొంగతల తొడుగుతో పురుగు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల మెడ వాల్చేసింది. అప్పుడు అనాలని అనలేదు. ఇరవై ఏళ్ళుగా ఏ నోరు అన్నదో ఆ నోరే అన్నది. ఒక్కటంటే ఒక్కటి తల్లీ, ఇది నీది, ఇదిగో కాకి ఎత్తుకుపోతోంది చూడు. ఊపిరంత సన్నగా. పిల్ల మెడ ఎత్తింది. గొంతు ఎటు నుంచి వస్తోందా అని చూసింది. ముక్కు తెరిచింది. పురుగు మింగింది. ఇంకొకటి అంటే ఇంకొకటి. కాకిని ఎన్నిసార్లు రప్పించిందో ఆ రోజు. బతికాక మానేద్దాం అనుకుంది. బతికింది. లేచి నిలబడ్డాక మానేద్దాం అనుకుంది. నిలబడింది, పరిగెత్తింది, రెక్కలకు ఈకలొచ్చాయి, మానలేదు. పరాయి దేశంలో రోజంతా పరాయి మాట మాట్లాడి, మాట్లాడిన ప్రతిదానికీ ముందొకసారి లోపల అల్లుకుని, సాయంత్రం అయ్యేసరికి నోరు అద్దెబట్టలు వేసుకున్నట్టు ఉండేది. కంచెలోకి వచ్చి, ఏమే, ఏం తిన్నావు, ఎవరు కొట్టారు, అనగానే నోటికి ఇంటికొచ్చినట్టుండేది. మరి అది తిండి పెట్టడమా, తను తినడమా.

కాలు తిమ్మిరెక్కింది. బూటులో వేళ్ళు కదిలించింది. అవతలి గుడిసెలో పెద్దావిడ ఉంది, బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని, ఆవిడ దురదలు గోక్కునే మనిషి కూడా కాదు. మడుగు వంపు దగ్గర పొదలో బస్సు డ్రైవరు, స్పీకరు పెట్టె ఒళ్ళో పెట్టుకుని. డ్రైవరంటే ఇప్పుడు కాదు, బస్సు వదిలేసి చాలా ఏళ్ళైంది, ఇంట్లో కూర్చోలేక ఇక్కడికి వస్తాడు. పరీక్షలో వినిపించే మనిషి గొంతు ఆయనదే. ఆయనదీ ఆయన భార్యదీ. వంటింట్లో పరదాలు ఏ రంగువి వేయాలని ఇద్దరూ పోట్లాడుకుంటుంటే రికార్డు చేసి పట్టుకొచ్చాడు. పోయినేడాది కొంగలన్నీ ఆ పోట్లాట విని ఎగిరిపోయాయి. వాటి తప్పేం లేదు, నేనూ రోజూ ఎగిరిపోయేవాణ్ణే, రెక్కల్లేక ఆగాను, అంటాడు. వాళ్ళ దేశపు మాటలో వాళ్ళ పోట్లాట. అదే కదా ఆయమ్మ గుండెల్లో రాయి. ఆ మాటకు ఈ పిల్ల కూడా పారిపోతుంది, ఖాయంగా పారిపోతుంది. వేసవిలోనే చూసింది. కంచె అవతల ఎవరో చూడవచ్చినవాళ్ళు మాట్లాడుకుంటూ పోతే పిల్ల గడ్డిలో నక్కి వణికింది. ఆ వణుకు తగ్గించడానికి తను ఏం చేసింది. ఏం లేదమ్మా, పోయార్లే, అంది. మన మాటలో.

అంటే పరీక్ష పాసవుతుంది. నోరు మూసుకుని ఈ పీట మీద ఇట్లాగే కూర్చుంటే చాలు. పెద్దావిడ సంతోషిస్తుంది, ఈ ఏడాది పిల్లలన్నిటిలో ఇదే మేలైనదని ఇప్పటికే అంది. ఈ మడుగుల మీద మన మాట మాట్లాడేవాళ్ళెవరు, తను తప్ప. ఇదే మాట సెలవుకు పోకముందు ఎన్నిసార్లు చెప్పుకుని నిద్రపోయిందో. ఎవరున్నారు గనక. ఎవరూ లేరు గనక.

ఆఫీసు గోడకు ఒక పటం ఉంది. దాని మీద ఎర్రదారం. చలి ముదరగానే ఈ కొంగలు ఎటు పోతాయో ఆ దారి. కొండల మీదుగా పోయి పోయి ఆ దారం చివర ఒక గుండుసూది. చేరిన కొత్తలో పెద్దావిడ ఆ సూది మీద వేలు పెట్టి, ఇవి చలికాలం మీ వైపే వస్తాయి అంది. ఆయమ్మ దగ్గరికి పోయి చూసింది. తమ్ముడి ఊరి చివరి చెరువు. చిన్నప్పుడు బట్టలుతికిన చెరువు. చలికాలం పొద్దున్నే పొలాల్లో దిగి గింజలేరుకునే బూడిదరంగు కొంగలు ఇవేనని ఆ రోజు తెలిసింది. ఆ రోజు ఎంత సంబరపడిందో, వంటగదిలో ఉన్నవాళ్ళందరినీ పట్టుకొచ్చి చూపించింది. సూది అక్కడుందని తెలిసి కూడా, ఎవరున్నారు గనక అనుకోగలిగింది మనిషి. దారం ఒక గోడ మీద, మాట ఒక నోట్లో. రెండూ కలిపి చూడలేదు.

కలిపినవాడు తమ్ముడు. వాడికి తెలియకుండానే. సెలవులో ఒకరోజు అన్నం తింటూ, నీ చుట్టాలొచ్చారక్కా పోయిన చలికాలం అన్నాడు. చెరువు గట్టున కుర్రకారు వలలు వేశారట. పెద్దవి దొరకవు, అల్లంత దూరాన మనిషి మాట వినబడితే లేస్తాయి. ఎట్లాగో ఒకటి చిక్కింది. పంచుకున్నారు, మనకూ ఒక ముక్క పంపారు. "కూర బాగానే ఉంది గానీ అక్కా, ఒట్టి పీచు. పరాయి దేశం నీళ్ళు తాగినవి కదా, నీలాగే." మామూలుగా అయితే దీనికి ఆయమ్మ దగ్గర జవాబుండేది. చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. నీళ్ళు తాగింది. మాట వినబడితే లేస్తాయి. ఏ మాట. మన మాటే కదా అక్కడ వినబడేది. గట్టు మీద నిలబడి ఎవడో ఒకడు పక్కవాడితో, రారా, ఇటు రా, అంటాడు. మందంతా లేస్తుంది. ఒకటి లేవదు. ఒకటి మెడ ఎత్తి, గొంతు ఎటు నుంచి వస్తోందా అని చూసి, ఆ వైపు నడుచుకుంటూ వస్తుంది. వలలు కూడా అక్కర్లేదు. తమ్ముడు అక్క ముఖం చూసి కూర మాట వదిలేసి టైర్ల మాట ఎత్తుకున్నాడు.

తిరిగి వచ్చి వారమైంది. ప్రతిరోజూ పెద్దావిడకు చెబుదామని పోవడం, ఆవిడ బక్కెట్లు కడుగుతుంటే తనూ పక్కన కూర్చుని కడగడం, బక్కెట్లు తెల్లబడటం, మాట రాకపోవడం. చెబితే ఏమవుతుందో తెలుసు. పరీక్ష కూడా పెట్టరు, నేరుగా దొడ్డిలోకి. దొడ్డిలో ఇప్పటికే ఒకటుంది. ముసుగుల పద్ధతి రాకముందు ఎవరో ముద్దుచేసి పెంచిన మగకొంగ. ఆయమ్మ దానికి ఇల్లరికపు అల్లుడని పేరు పెట్టింది. కూర్చున్నచోటికి తిండి, ఎండా వానా లేదు, నీడపట్టున ఒళ్ళు పెంచుకుని తిరుగుతుంది. సాటి కొంగను చూస్తే భయపడుతుంది. ఒంటిచక్రం బండి అంటే మాత్రం వలపు. ఎవరైనా ఎరువు తోలుకుంటూ బండి నడిపితే దాని ముందు రెక్కలు విప్పి, వంగి, ఎగిరి, తలాడించి ఆడుతుంది. చూడవచ్చినవాళ్ళు చప్పట్లు కొడతారు. బండి ఆగితే అదీ ఆగుతుంది, జవాబు కోసం చూస్తుంది. మొదట్లో ఆయమ్మ కూడా నవ్వింది. తర్వాత్తర్వాత దొడ్డి ముందు బండి తోయాల్సి వస్తే చుట్టుతిరిగి పోయేది.

మరిచిపోయి ఉండొచ్చు కదా. నెలరోజులు తను లేదు. ఆ నెలా మిగతావాళ్ళు పెట్టారు, నోరు విప్పకుండా, పద్ధతి ప్రకారం, బాగానే తింది, బరువు పెరిగింది. వచ్చాక తను కూడా నోరు విప్పలేదు. పళ్ళు బిగబట్టి తినిపించింది. పిల్ల తిన్నది, తిని, తొడుగు ముక్కును తన ముక్కుతో ఒకసారి తాకి, కాసేపు నిలబడి పోయింది. దేని కోసం నిలబడిందో. కొంగలు ఊరికే కూడా నిలబడతాయి. మరిచిపోయి ఉంటే ఎంత బాగుండు అనుకుంది ఆయమ్మ. వెంటనే ఇంకోటి అనుకుంది. మరిచిపోయిందా నన్ను, అని. రెండూ ఒక్క కడుపులోనే.

రెల్లు కొసలు మెరిశాయి. ఎప్పుడు మెరిశాయో చూడలేదు, చూసేసరికి అవతలి గట్టంతా పసుపుగా ఉంది. తాడు లాగిన చప్పుడు. కంచె తలుపు తెరుచుకుంది. పిల్ల వెంటనే రాలేదు. గడప దగ్గర ఒక కాలు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి, కొత్తకోడలిలాగా నిలబడింది. తర్వాత ఒక్క గంతులో బయటికొచ్చింది. కాలికి గుర్తు కోసం వేసిన పచ్చ కడియం, ఎండలో తళుక్కుమంది. మడుగు అంచున నీళ్ళు చూసి, అందులో తనను చూసి, ముక్కుతో పొడిచింది. ఎంత పొడుగైంది. ఎప్పుడైంది ఇంత పొడుగు. రెక్కలు విప్పి మూసింది. అంతలో పొదలోంచి బస్సు డ్రైవరు భార్య గొంతు లేచింది, పరదాల గురించి. ఆ వెనకే డ్రైవరు గొంతు. పిల్ల ఒళ్ళంతా బిగిసి, మెడ సాచి, నీళ్ళు చిమ్ముతూ పరిగెత్తి, పరుగు నుంచి గాలిలోకి లేచి, మడుగు నడుమ ఉన్న ఇసుకదిబ్బ మీద దిగింది. దిగి, మంద వైపు తిరిగింది. పరదాల పోట్లాట ఆగింది. అవతలి గుడిసె కంతలోంచి పెద్దావిడ చెయ్యి బయటికొచ్చి బొటనవేలు పైకెత్తింది.

అయిపోయింది. ఇంకొక్క నిమిషం ఓర్చుకుంటే అది మందలో కలుస్తుంది. కలిస్తే ఇక ఎవరూ పట్టలేరు, ఎవరూ అడగరు. తను బక్కెట్లు కడుక్కోవచ్చు. చలి ముదురుతుంది, దారం వెంబడి పోతాయి, చెరువు గట్టున ఎవడో రారా అంటాడు. తను ఇక్కడ రాత్రి అన్నం తింటూ ఉంటుంది, ఆ సంగతి తెలియదు కూడా. తమ్ముడు ఫోనులో చెబితే గానీ. చెబుతాడు కూడా, నవ్వించడానికి. ఆయమ్మ ముసుగు పైకెత్తింది. గుడ్డ బరబరమంది. కంతకు నోరు ఆనించింది. గట్టిగా కాదు, పిలిచినట్టు కూడా కాదు, తలుపు చాటు నుంచి ఊరికే అన్నట్టు.

"ఏమే తల్లీ. ఏం తినకుండానే పోతున్నావా?"

పిల్ల ఆగింది. మెడ తిరిగింది. ఎగిరి వస్తుందనుకుంది, ఎగరలేదు. దిబ్బ దిగి, నీళ్ళలోంచి, నడిచింది. నడక కాసేపటికి పరుగైంది. మోకాళ్ళు ఎత్తెత్తి వేస్తూ, చిన్నప్పుడు వేడిదీపం కింద నుంచి వచ్చినట్టు, పిచ్చిపిల్ల, రెల్లుగుడిసె దాకా వచ్చి, కంతలో ముక్కు పెట్టింది. ముక్కు చెంపకు తగిలింది. చల్లగా ఉంది.

మరిచిపోలేదు.

పెద్దావిడ గుడిసె వదిలి బయటికొచ్చింది. ఆవిడ అట్లా పరీక్ష మధ్యలో బయటికి రావడం ఎప్పుడూ లేదు. డ్రైవరు కూడా లేచి నిలబడ్డాడు, పెట్టె చంకలో పెట్టుకుని, ఎటు చూడాలో తెలియక చెప్పుల వైపు చూశాడు. పెద్దావిడ పిల్లను చూసింది, కంతలో ముసుగులేని ముఖాన్ని చూసింది. అంతా తెలిసిపోయింది ఆవిడకు. ఎప్పటి నుంచి అని మాత్రం అడిగింది. పుట్టినప్పటి నుంచి అంది ఆయమ్మ. తినకపోతే అన్నాను, తిన్నాక మానలేకపోయాను అంది. పెద్దావిడ కోప్పడి ఉంటే తేలికగా ఉండేది. అలసిపోయినట్టు కళ్ళు మూసి తెరిచింది, దీన్ని ఇక వదలడానికి లేదు అంది. కంచె వైపు చూసి డ్రైవరుకు చెయ్యి ఊపింది, వల తెమ్మని.

"ఒక్కసారి ఆగండి. నేను పాడుచేసింది నేనే చూసుకుంటాను. అప్పటికీ పోకపోతే వల తెద్దురు గాని."

జవాబు కోసం ఆగలేదు. గుడిసె వెనక తలుపులోంచి వచ్చింది. అంగీ తల మీది నుంచి లాగేసింది, తొడుగు తీసి అవతల పడేసింది. పాత స్వెటరు, చెదిరిన జుట్టు, బూట్లు. పిల్ల ఎన్నడూ చూడని మనిషి. చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. వేసి, కంత వైపు చూసింది, ఆ గొంతు మనిషి అందులోనే ఉందని. ఆయమ్మ వంగి రెండు చేతులా బురద తీసింది. ఫో, అంది. ఎవరి కోసం వచ్చావిక్కడికి, ఎవరు పిలిచారు నిన్ను, సిగ్గులేదూ, నీ జాతి అక్కడుంటే ఇక్కడేం పని నీకు. మన మాటలో. అరుపు మడుగంతా తాకి తిరిగొచ్చింది. పిల్ల కదల్లేదు. ఈసారి మెడ ఇటు తిప్పింది, ముఖం చూసింది, నోరు చూసింది, ఆ నోట్లోంచే ఆ గొంతు వస్తోందని తెలుసుకుంది. తెలుసుకుని ముందుకు వచ్చింది. ఒక అడుగు. ఆయమ్మ బురద విసిరింది. కాళ్ళ దగ్గర పడింది. ఇంకో అడుగు. మళ్ళీ విసిరింది, రెక్కకు తగిలింది. పిల్ల పక్కకు గెంతి, తగిలినచోట చూసుకుని, మళ్ళీ ఆమెను చూసింది. పిల్లలు మొదటి దెబ్బకు ఏడవరు, కొట్టింది ఎవరా అని చూస్తారు. ఆయమ్మ ఇరవై ఏళ్ళలో ఏ పిల్లనూ కొట్టలేదు. అంగీ ఎత్తి గిరగిరా తిప్పుతూ, బూట్లతో నీళ్ళు తన్నుతూ, మీదికి పరిగెత్తింది. తింటే తిను, చస్తే చావు, నా దగ్గరికి వచ్చావంటే కాళ్ళు విరుస్తాను, పెంచినదాన్ని కదా అని చూస్తున్నావేమో, నేనేమీ నీ దాన్ని కాదు, ఎవరూ నీ వాళ్ళు కారు, ఈ మాట వినబడితే లేచిపో, విన్నావా, ఈ మాట ఎక్కడ వినబడినా సరే లేచిపో.

పిల్ల అరిచింది. మూడుసార్లు అరిచి, తిరిగి, నీళ్ళు చిమ్ముకుంటూ లేచింది. దిబ్బ మీద ఆగింది. వెనక్కి చూసింది. ఆయమ్మ మోకాళ్ళ లోతులో నిలబడి రొప్పుతోంది.

పెద్దావిడ నీళ్ళలోకి దిగి వచ్చి పక్కన నిలబడింది. తర్వాత, ఆవిడ ఎవరితోనూ మాట్లాడనంత మెల్లగా, "ఇప్పుడు మళ్ళీ పిలువు. కోపంగా కాదు. ఎప్పటిలా" అంది.

ఆయమ్మకు ఆవిడ అడిగింది ఏమిటో అర్థమైంది. అది తప్ప వేరే పరీక్ష లేదు. చేతుల బురద స్వెటరుకు తుడుచుకుంది. ఊపిరి కుదుటపడేదాకా ఆగింది. దగ్గితే గొంతు మారుతుందని దగ్గలేదు. ఇటు రా అమ్మా, అంది. కొట్టనులే, ఒక్క ముద్ద తినిపోదువు గాని రా. గొంతు వణకలేదు. వణికితే అది వేరే మాటవుతుంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల కోసం ఎన్ని మాటలందో అన్నిట్లోకీ అంత నిండుగా మరొకటి అనలేదు.

దిబ్బ మీద పిల్ల మెడ నిక్కించింది. విన్నది. బాగా విన్నది. రెక్కలు విప్పి, ఆ గొంతుకు వీపు తిప్పి, పొగమంచు మీదుగా అవతలి గట్టుకు పోయి మందలో దిగింది.

పెద్దావిడ బైనాక్యులర్ ఆయమ్మ చేతికిచ్చింది. ఆయమ్మ చూసింది. బూడిదరంగు వీపులు, బూడిదరంగు మెడలు, కొన్ని వంగి, కొన్ని లేచి. ఈ ఏటి పిల్లలు అందులో చాలానే ఉన్నాయి. కడియం చూద్దామంటే అన్నీ మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చూసింది. తన పిల్ల ఏదో తెలియలేదు.

ఒక్కరోజు భయం ఒక్కరోజుకే సరిపోతుంది అంది పెద్దావిడ. ఇవి బయల్దేరేదాకా రోజూ పొద్దున్నే వచ్చి తిట్టాలి అంది, పనిలోంచి పొమ్మంటుందేమో అనుకున్న ఆయమ్మతో. డ్రైవరు పెట్టె గట్టు మీద పెట్టి, మరి ఏదో తెలియకపోతే దేన్ని తిడుతుంది అని అడిగాడు.

"అన్నిటినీ తిడతాను" అంది ఆయమ్మ. "అన్నీ అటే కదా పోయేది."

బైనాక్యులర్ తిరిగిచ్చేసింది. ఇంకో నాలుగడుగులు లోపలికి నడిచి, నీళ్ళు బూట్లలోకి దిగుతుంటే చూసుకోకుండా, గొంతు సవరించుకుని, మందకంతటికీ వినబడేట్టు మన మాటలో మొదలుపెట్టింది.